చంటిబిడ్డ ఇంట్లో ఉండగా తాత్కాలిక పని వస్తే: ఒప్పుకోవాలో వద్దో తేల్చుకునే విధానం

ఉద్యోగం పోయి ఇంట్లో ఉన్న మనిషికి "మూడు నెలల పని ఉంది, సోమవారం నుంచి రాగలరా" అని ఫోన్ వస్తే ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. రానంటే అప్పు పెరుగుతుంది, వస్తానంటే బిడ్డను ఎవరి చేతుల్లో పెట్టాలన్న చింత మొదలవుతుంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ఇటువంటి పనులు తరచుగా ఎదురవుతాయి: పలాస, కాశీబుగ్గల జీడిపప్పు పరిశ్రమల్లో కేజీల లెక్కన చేసే పని, పైడిభీమవరం మందుల కంపెనీల్లో కాంట్రాక్టరు కింద షిఫ్టు పని, ప్రైవేటు బడుల్లో జూన్ నుంచి ఏప్రిల్ దాకా పాఠాలు చెప్పే పని, ప్రభుత్వ కార్యాలయాల్లో ఏజెన్సీ ద్వారా డేటా ఎంట్రీ, పండుగలకు ముందు బట్టల దుకాణాల్లో సేల్స్ పని. అన్నింటినీ తాత్కాలికమనే అంటాం గాని ఒక్కోదాని గుణం వేరు.

నా బిడ్డకు పద్నాలుగు నెలలున్నప్పుడు ఇటువంటి పని ఒకటి ఒప్పుకున్నాను. మొదటి జీతం డెబ్బై రోజులకు చేతికొచ్చింది. ఆలోపు ఆటోలకూ పాలకూ తీసుకున్న చేబదుళ్లు దానిని మింగేశాయి. పని ముగిశాక అక్కడ పనిచేసినట్టు ఒక్క కాగితం కూడా నా దగ్గర లేదు. తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత కూర్చుని ఆలోచిస్తే, నేను లెక్కను మొదటి రోజు నుంచి వేసుకున్నానని అర్థమైంది. తాత్కాలిక పనిని అది ముగిసే రోజు నుంచి వెనక్కి లెక్కించాలి. ఆ రోజుకు చేతిలో ఎంత డబ్బు, ఏ కాగితం, ఏ పరిచయం మిగులుతాయో, బిడ్డ ఎలా ఉంటుందో ముందుగా ఊహించుకుని, దానికి మూడు నెలల శ్రమ తగినదా కాదా అని చూడాలి. కింది మెట్లన్నీ ఆ దృష్టితోనే రాశాను. తల్లి అని రాసినచోట, ఇంట్లో ఉండి బిడ్డను చూసుకుంటున్నది తండ్రి అయితే తండ్రి అని చదువుకోవచ్చు.

మొదటి మెట్టు: పని స్వరూపం తెలుసుకోవడం

ఫోన్ చేసినవారికి వెంటనే అవుననీ కాదనీ చెప్పకుండా ఒక్క రోజు గడువు అడగాలి. ఇచ్చేవారు ఇస్తారు. ఒక్క రోజు కూడా ఆగలేమనేవారు పనిలో చేరాక బిడ్డకు జ్వరం వస్తే ఆగుతారని ఆశించలేము.

ఆ ఒక్క రోజులో తెలుసుకోవలసిన మొదటి సంగతి ముగింపు తేదీ. "కొన్నాళ్లు", "పని ఉన్నంత వరకు" అన్నవి తేదీలు కావు. రెండో సంగతి జీతం ఎవరి ఖాతా నుంచి వస్తుందన్నది. కార్యాలయంలో కూర్చోబెట్టేది ఒకరు, జీతం వేసేది ఏజెన్సీ అయితే, ఆ ఏజెన్సీ పేరు, చిరునామా, జీతం పడే తేదీ రాసుకోవాలి. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న అసలు సంస్థ చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పింది, తర్వాత వచ్చిన కార్మిక కోడ్‌లోనూ ఆ బాధ్యత కొనసాగింది. అయితే ఎవరి కింద పనిచేశామో చూపే కాగితం మన దగ్గర లేకపోతే ఆ హక్కును నిలబెట్టుకోవడం కష్టం. మూడో సంగతి వేళలు. రాసి ఉన్న వేళలు గాక, అక్కడ ఇప్పటికే పనిచేస్తున్నవారు నిజంగా ఎన్ని గంటలకు ఇల్లు చేరుతున్నారో వారినే అడగాలి.

పనిలో పెట్టడానికి డిపాజిట్టనో ఖర్చులనో డబ్బు అడిగితే అక్కడితో మాట ఆపేయాలి. మూడు నెలల పనికి ముందుగా డబ్బు కట్టించుకునేవారు ఆ డబ్బుతోనే లాభం చూసుకుంటారు. అదేవిధంగా బడులు, కాలేజీలు అసలు సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచుకుంటామంటే ఒప్పుకోకూడదు. వాటిని చూపించి నకళ్లు ఇవ్వాలి. అసలువి వారి బీరువాలో ఉంటే మధ్యలో మంచి ఉద్యోగం వచ్చినా కదలలేము.

"ఇప్పుడు చేరితే తర్వాత పర్మినెంట్ చేస్తారట" అన్న మాట మన జిల్లాల్లో ప్రతి అవుట్‌సోర్సింగ్ పని వెంటా నడుస్తుంది. దీనిని లెక్కలోకి తీసుకోవద్దని నా గట్టి అభిప్రాయం. తాత్కాలికంగా, నియామక నిబంధనల ప్రకారం కాకుండా చేరినవారికి కేవలం ఎక్కువ కాలం పనిచేసినందువల్ల పర్మినెంట్ హక్కు రాదని ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2006లోనే చెప్పింది. 2023లో రాష్ట్రం చేసిన క్రమబద్ధీకరణ చట్టం కూడా 2014 జూన్ 2 నాటికి ముందు నుంచి ఉన్న కాంట్రాక్టు ఉద్యోగులను ఉద్దేశించినదే. ఈరోజు మూడు నెలలకు చేరే తల్లి ఆ వాన కోసం దోసిలి పట్టనక్కరలేదు.

రెండో మెట్టు: ఇల్లు ఎన్నాళ్లు నిలుస్తుందో చూడడం

ఒక కాగితం మీద తప్పనిసరి ఖర్చులు మాత్రమే వేయాలి: అద్దె, బియ్యం, పాలు, కరెంటు, గ్యాసు, మందులు, డ్వాక్రా వాయిదా, చీటీ, బండి ఈఎంఐ. పక్కన చేతిలో ఉన్న డబ్బు, భర్తదో అత్తమామలదో నికరంగా వచ్చే ఆదాయం వేయాలి. కొత్త అప్పు గాని, బంగారం తాకట్టు గాని లేకుండా ఎన్ని నెలలు గడుస్తాయో తేలుతుంది.

ఆ సంఖ్య ఒకటి కంటే తక్కువైతే మిగిలిన తూకాలకు పెద్దగా అర్థం లేదు, బిడ్డకు భద్రమైన చోటు దొరికితే పని ఒప్పుకోవలసిందే. నాలుగు నెలలు దాటితే తొందరపడి ఏ పనికీ తలూపనక్కరలేదు. ఇబ్బంది అంతా ఈ రెంటి మధ్య ఉన్నవారిదే, మనలో ఎక్కువమందిమి అక్కడే ఉంటాం.

మూడో మెట్టు: జీతంలో నిజంగా మిగిలేది

ఇక్కడ కొంచెం నిదానంగా కూర్చోవాలి. ఒక ఊహా లెక్క చూద్దాం. ఆమదాలవలసలో ఉండే తల్లికి శ్రీకాకుళంలోని కార్యాలయంలో మూడు నెలల డేటా ఎంట్రీ పని, నెలకు 12,000 జీతంతో వచ్చిందనుకుందాం. పీఎఫ్ (భవిష్య నిధి) కింద ఆమె వాటా 12 శాతం, అంటే 1,440. ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కింద 0.75 శాతం, అంటే 90. చేతికి వచ్చేది 10,470. 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఆర్టీసీ బస్సుల్లో ఛార్జీ లేదు కనుక బస్సు ఖర్చు పోయింది. కాని ఇంటి నుంచి బస్టాండుకూ, దిగిన చోటి నుంచి ఆఫీసుకూ షేర్ ఆటో తప్పదు. రోజుకు 40 చొప్పున 26 రోజులకు 1,040. బిడ్డను చూసుకునే ఇంటివారికి 3,000. పాలపొడి, డైపర్లు, బయట తినవలసి వచ్చిన పూటలు కలిపి 1,700 వేసుకుందాం. మిగిలేది 4,730.

రోజుకు పని ఎనిమిది గంటలు, రాకపోకలు రెండు గంటలు అనుకుంటే నెలకు 260 గంటలు. గంటకు 18 రూపాయలు పడింది. బిడ్డకు జ్వరం వచ్చి నాలుగు రోజులు సెలవు పెడితే, జీతం కోత రోజుకు సుమారు 460 చొప్పున, మిగులు 2,900కు దిగుతుంది. ఈ అంకె చూసి వద్దనుకునేవారున్నారు, అదీ తొందరే. కోసుకున్న పీఎఫ్ ఎక్కడికీ పోదు. ఆమె 1,440కి యజమాని వాటాలో పీఎఫ్ ఖాతాకు చేరే 3.67 శాతం, అంటే సుమారు 440, కలిపితే మూడు నెలలకు 5,640 ఆమె పేరు మీద నిలుస్తుంది. యజమాని వాటాలో మిగతా 8.33 శాతం పింఛను నిధికి వెళ్తుంది. ఈఎస్‌ఐ ఉంటే కుటుంబానికి వైద్యం ఉంటుంది. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో నెలకు 90 రూపాయలకు అంతకంటే మేలైన బేరం నాకు తెలియదు. కనుక చేతి మిగులుతో పాటు పీఎఫ్, ఈఎస్‌ఐ నిజంగా కడుతున్నారా అన్నది కూడా తూకంలో వేయాలి. సాధారణంగా పీఎఫ్ 20 మంది, ఈఎస్‌ఐ 10 మంది ఉన్న సంస్థలకు వర్తిస్తాయి. ఈఎస్‌ఐకి జీతం 21,000 దాటకూడదు.

కొన్ని చోట్ల ఇవేవీ కట్టకుండా "వృత్తి రుసుము" పేరుతో చెల్లించి 10 శాతం పన్ను కోస్తారు. మన ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే రిటర్ను వేసి ఆ సొమ్ము వెనక్కి తెచ్చుకోవచ్చు. అయితే అది చేతికి రావడానికి నెలలు పడుతుంది గనుక ఈ మూడు నెలల ఖర్చుకు దానిని నమ్ముకోకూడదు.

జీతం నెల నిండాక వస్తుంది, ఆటో ఖర్చు మొదటి రోజు ఉదయమే మొదలవుతుంది. చేరేముందు కనీసం నలభై ఐదు రోజుల రాకపోకల ఖర్చు, బిడ్డను చూసేవారికి ఇచ్చే ఒక నెల డబ్బు విడిగా పెట్టుకోవాలి. అది లేకపోతే పని మొదలుపెట్టడానికే అప్పు చేస్తాం. నేను చేసింది సరిగ్గా అదే.

కేజీల లెక్కన చేసే పనికి ఈ గణితం మారుతుంది. జీడిపప్పు పనిలో గంట ఆలస్యమైతే ఆ గంట కూలీయే పోతుంది, రోజంతా పోదు. బిడ్డ ఉన్నవారికి ఆ వెసులుబాటు విలువైనది. కాని జీడిగింజ పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది. గింజ కొట్టే విభాగంలో పనిచేసి ఆ చేతులతోనే బిడ్డను ఎత్తుకోవడం, పాలివ్వడం మంచిది కాదు. పొట్టు తీసే, గ్రేడింగ్ చేసే విభాగంలో చోటు అడగాలి. మందుల కంపెనీల్లో రసాయనాలు తాకే పని అయితే పాలిచ్చే తల్లి ఆ సంగతి ముందే చెప్పి ప్యాకింగ్ వంటి పని అడగాలి. ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు మార్చుకున్న తర్వాతే బిడ్డను దగ్గరకు తీయాలి.

నాలుగో మెట్టు: బిడ్డ వయసు, బిడ్డను చూసే మనిషి

బిడ్డకు ఆరు నెలలు నిండకపోతే తల్లిపాలే ఆహారం. ఆ వయసులో రోజుకు పది గంటలు దూరంగా ఉండే పని వద్దనే నా సలహా, ఇల్లు గడవని స్థితి ఉంటే తప్ప. పాలు పిండి ఉంచి వెళ్లవచ్చు, అయితే గది వేడిమి 25 డిగ్రీలు ఉన్నచోట నాలుగు గంటలు నిలుస్తాయన్న లెక్క మన మే నెల ఎండలకు పనికిరాదు. ఫ్రిజ్ ఉండాలి, కరెంటు పోకుండా ఉండాలి. బిడ్డకు పదిహేను నెలలు నిండేదాకా పనివేళల్లో పాలివ్వడానికి రెండు విరామాలు, 50 మంది పైబడిన సంస్థలో పిల్లల సంరక్షణ గది, రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసి వచ్చే వీలు చట్టంలో ఉన్నాయి. మూడు నెలల ఉద్యోగిని వాటిని అడగడానికి జంకుతుంది. చేరాక జంకడం కంటే చేరే ముందు అడగడం సులువు.

ఎనిమిదో నెల దాటినప్పటి నుంచి ఏడాదిన్నర దాకా పిల్లలు తల్లి కనబడకపోతే బాగా ఏడుస్తారు. ఇది ఆ వయసు సహజ గుణం, ఎవరి పెంపకంలోనూ లోపం కాదు. అయితే ఆ సమయంలో మూడు నెలలకో కొత్త మనిషి చేతిలో పెట్టడం బిడ్డకు కష్టం. అందువల్ల ఈ పని కోసం ఏర్పాటు చేసే మనిషి తర్వాతి పనికి కూడా ఉండగలరా అని ఇప్పుడే ఆలోచించాలి. మూడేళ్లు నిండితే అంగన్‌వాడీలో పూర్వప్రాథమిక విద్య, మధ్యాహ్న భోజనం ఉంటాయి. మూడేళ్ల లోపు పిల్లలకు సాధారణంగా ఇంటికి ఇచ్చే పోషకాహారమే గాని రోజంతా ఉంచుకునే ఏర్పాటు ఉండదు. పాల్నా పథకం కింద ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలను పగటిపూట చూసే అంగన్‌వాడీ క్రెష్‌లు కొన్ని ఉన్నాయి. మీ మండలంలో ఉన్నదేమో అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌ను అడగాలి.

మన ఇళ్లలో ఎక్కువగా అమ్మమ్మో నాన్నమ్మో చూసుకుంటారు. "నానున్నాను గదే, ఎల్లు" అని ఆవిడ అన్నంత మాత్రాన లెక్క తీరిపోదు. నడక నేర్చిన పిల్లవాడి వెంట రోజంతా తిరగగలరా, కంటిచూపు ఎలా ఉంది, నుయ్యి గాని చెరువు గాని ఇంటికి ఎంత దూరం, ఫోన్ చేయడం వచ్చా అన్నవి నొప్పించకుండా చూసుకోవాలి. ఆవిడకు నెలకు ఇంత అని చేతిలో పెట్టడం మంచిదని నా అనుభవం. పరాయి అన్న భావన వస్తుందని కొందరు అంటారు, కాని డబ్బు ముట్టిన చేతికి "ఈ వారం నా వల్ల కాదు" అని చెప్పే స్వేచ్ఛ కూడా ఉంటుంది. ఆ మాట ముందే వినడం మనకూ మేలు.

ఒకరు సరిపోరు, రెండో మనిషి పేరు కూడా రాసి ఉంచాలి. ఊడుపుల సమయంలో, కోతల సమయంలో ఇంట్లో పెద్దలు పొలానికి వెళ్తారు. పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజుల్లో విజయనగరంలో ఇంటినిండా చుట్టాలుంటారు. అటువంటి రోజులు ఈ మూడు నెలల్లో ఎన్ని పడతాయో క్యాలెండర్ చూసుకోవాలి. టీకా రోజులనూ అందులోనే గుర్తు పెట్టుకోవాలి: ఆరు, పది, పద్నాలుగు వారాలు, తొమ్మిదో నెల, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య. టీకా వేసిన మర్నాడు జ్వరం రావచ్చు, కాబట్టి ఆ రెండు రోజులూ సెలవు అడిగి ఉంచాలి.

చేరడానికి ముందు మూడు రోజులు అచ్చంగా పని ఉన్నట్టే బయటికి వెళ్లి చూడాలి. ఉదయం అదే వేళకు బిడ్డను అప్పగించి, అదే బస్సు ఎక్కి, సాయంత్రం అదే వేళకు తిరిగి రావాలి. రెండో రోజు బిడ్డ ఏమి తిన్నది, ఎంత నిద్రపోయింది అన్నది మొదటి రోజు ఏడుపు కంటే ఎక్కువ చెబుతుంది.

ఐదో మెట్టు: ఇప్పుడు అందుతున్నవాటిపై ప్రభావం

ఇది చాలామంది మరిచిపోయే మెట్టు. సంక్షేమ పథకాల అర్హతకు గ్రామాల్లో కుటుంబ ఆదాయం నెలకు 10,000, పట్టణాల్లో 12,000 మించకూడదన్న పరిమితి ఉంది. పెద్ద బిడ్డ చదువుకు తల్లికి వందనం పథకం సాయం వస్తున్న ఇంట్లో ప్రభుత్వ కార్యాలయంలో ఏజెన్సీ పని ఒప్పుకునే ముందు, ఆ జీతం నమోదైతే అర్హత మారుతుందా అని ఊళ్లోని సచివాలయంలో అడిగి తెలుసుకోవాలి. మూడు నెలల జీతం కోసం ఏడాది సాయం పోగొట్టుకుంటే ఆ లెక్క నష్టమే.

పాత ఉద్యోగంలో ఈఎస్‌ఐ ఉన్నవారు మరొకటి చూడాలి. ఉపాధి పోయినవారికి సగటు రోజు వేతనంలో సగం చొప్పున 90 రోజుల దాకా ఇచ్చే అటల్ బీమిత వ్యక్తి కల్యాణ్ యోజన జీవితంలో ఒక్కసారి దొరికే సాయం. అది ఇప్పుడు అమలులో ఉందేమో, దానికి అర్హత ఉందేమో, కొత్త పనిలో చేరితే ఏమవుతుందో ఈఎస్‌ఐ శాఖా కార్యాలయంలో ముందే కనుక్కోవాలి. రెండో కాన్పు ఆలోచన ఉన్నవారు ఇంకో అంకె గుర్తుంచుకోవాలి: ఈఎస్‌ఐ లేని చోట ప్రసూతి ప్రయోజనానికి, కాన్పు అవుతుందని చెప్పిన తేదీకి ముందు పన్నెండు నెలల్లో ఆ యజమాని దగ్గర 80 రోజులు పనిచేసి ఉండాలి. 26 రోజుల చొప్పున మూడు నెలలు అంటే పనిరోజులు 78 (చట్టప్రకారం జీతంతో ఇచ్చే సెలవులుంటే అవి కూడా లెక్కకు వస్తాయి). రెండు రోజుల తేడాతో హక్కు జారిపోయే ఒప్పందాలు యాదృచ్ఛికంగా పుట్టవని నా అనుమానం.

ఆరో మెట్టు: అసలు ఉద్యోగం వెతుక్కునే సమయం

రోజుకు పది గంటలు తాత్కాలిక పనికి, మిగిలినది బిడ్డకు పోతే ఉద్యోగం ఎప్పుడు వెతుకుతారు? డీఎస్సీ వంటి పరీక్షకు చదువుతున్నవారికి ఇది మరీ పదునైన ప్రశ్న. వారానికి కనీసం ఆరు గంటలు దరఖాస్తులకో చదువుకో మిగలని పని, ముగిసే రోజుకు మిమ్మల్ని మొదలుపెట్టిన చోటే వదిలిపెడుతుంది. ఇంటర్వ్యూ ఉంటే సగం రోజు సెలవు ఇస్తారా అని ముందే అడగవచ్చు. తాత్కాలికమని వారే చెప్పారు కనుక అడగడంలో తప్పు లేదు.

దీనికి భిన్నంగా, రెండేళ్లుగా ఇంట్లో ఉన్నవారికి మూడు నెలల పని తక్కువ జీతమైనా కలిసి రావచ్చు. కొత్త సాఫ్ట్‌వేర్ చేతికి అలవాటు కావడం, రేపు ఫోన్ చేసి మన గురించి చెప్పగల ఒక అధికారి పరిచయం కావడం, ఉదయం తొమ్మిదికి తయారయ్యే అలవాటు తిరిగి రావడం, ఇవి జీతం చీటీలో కనబడవు. ఇవేవీ ఇవ్వని పని, మిగులు కూడా జీతంలో మూడో వంతుకు తక్కువైతే, ఇంట్లో రెండు నెలల నిల్వ ఉన్నంత వరకు నేనైతే వద్దంటాను.

ఏడో మెట్టు: జవాబు చెప్పడం

వద్దనుకుంటే ఫోన్ ఎత్తకుండా ఊరుకోకూడదు. "ఈసారి వీలు పడదు, పాపకు మూడేళ్లు నిండాక ఫలానా నెల నుంచి రాగలను" అని తేదీతో చెబితే ఆ ఏజెన్సీ మళ్లీ పిలుస్తుంది.

ఒప్పుకుంటే ఇంట్లో అందరి ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి. బిడ్డకు రాత్రి జ్వరం వస్తే మర్నాడు సెలవు ఎవరిది, సాయంత్రం వంట ఎవరిది, ఏ పరిస్థితిలో మధ్యలో మానేస్తాం. బిడ్డ రెండు వారాల పాటు బరువు తగ్గినా, జీతం పడవలసిన తేదీకి ఇరవై రోజులు దాటినా మానేస్తానని నేను రెండోసారి పని ఒప్పుకున్నప్పుడు గోడ క్యాలెండర్ వెనుక రాసి పెట్టుకున్నాను. మా ఆయన ఆ కాగితం చూసి నవ్వారు, ఆ తర్వాత ఆయనే ప్రతి ఆదివారం పాపను తూకం వేయించుకొచ్చేవారు.

చేరిన రోజున నియామక పత్రం గాని, కనీసం తేదీ, జీతం ఉన్న వాట్సాప్ సందేశం గాని తీసుకోవాలి. పాత యూఏఎన్ నంబరు (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) ఇవ్వాలి, కొత్తది తీయించుకోకూడదు. మొదటి నెల జీతం పడ్డాక పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి సొమ్ము జమయిందో లేదో చూడాలి. ముగింపుకు పదిహేను రోజుల ముందే అనుభవ ధ్రువపత్రం అడగాలి, ఎందుకంటే చివరి రోజు సంతకం పెట్టవలసిన అధికారి సెలవులో ఉండడం మామూలే. పని మానిన తేదీని యజమాని పీఎఫ్ పోర్టల్‌లో నమోదు చేశారో లేదో రెండు నెలల తర్వాత మళ్లీ చూసుకోవాలి. చేయకపోతే ఆధార్‌తో అనుసంధానమైన మన ఫోన్‌కు వచ్చే ఓటీపీతో మనమే నమోదు చేసుకోవచ్చు. అది జరగకపోతే తర్వాతి ఉద్యోగానికి ఆ డబ్బు బదిలీ కాకుండా ఆగిపోతుంది.